ఊరి రోడ్డు మీదికి క్వారీ టిప్పర్లు వస్తాయంటే: ట్రాఫిక్ ప్రభావం లెక్కగట్టే పద్ధతి

చిన్న రాతి క్వారీకి పర్యావరణ అనుమతి కోసం వేసే రిపోర్టులో ట్రాఫిక్ గురించి మామూలుగా ఒక్క పేజీ ఉంటుంది. ఒక పట్టిక, దాని కింద ఒక వాక్యం: "ప్రస్తుత రోడ్డు సామర్థ్యం సరిపోతుంది, ప్రభావం నామమాత్రం." ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగంలో ఊరి రోడ్లు వేయించాను. అవి ఎలా పాడవుతాయో కూడా దగ్గరుండి చూశాను. ఇప్పుడు మా అనకాపల్లి జిల్లా ఊళ్ల నుంచి ఎవరైనా ఇలాంటి రిపోర్టు పట్టుకొస్తే కూర్చుని చదివి చెబుతుంటాను. ఆ ఒక్క పేజీని నిజాయితీగా ఎలా రాయాలో, వేరేవాళ్లు రాసినదాన్ని ఎలా సరిచూసుకోవాలో చెప్పడానికే ఇది. క్వారీ పెట్టే యజమానికీ పనికొస్తుంది, ఊరి సర్పంచ్‌కీ పనికొస్తుంది. ఇళ్లకూ రోడ్లకూ రాయి కావాలి, కాదనను. ఆ రాయి ఏ దారిన, ఎంత బరువుతో, ఏ వేళకు పోతుందో ముందే తేల్చుకోవాలి అన్నదే నా పట్టుదల.

మైనింగ్ ప్లాన్‌లోంచి టిప్పర్ల దాకా

మొదట మైనింగ్ ప్లాన్ తీసుకోండి. ఐదేళ్లకు ఏడాదివారీగా ఎంత రాయి తీస్తారో అందులో ఉంటుంది. సగటు తీసుకోవద్దు, ఐదింటిలో ఎక్కువున్న ఏడాదిని తీసుకోండి. లెక్క తెలియడానికి 4 హెక్టార్ల లీజు, ఏడాదికి 30,000 ఘనపు మీటర్లు అనుకుందాం. మన ప్రాంతపు గట్టి రాయి ఘనపు మీటరు దాదాపు 2.6 టన్నులు తూగుతుంది. అంటే 78,000 టన్నులు.

దీన్ని ఎన్ని రోజులకు పంచాలి? రిపోర్టుల్లో అలవాటుగా 300తో భాగిస్తారు. మా వైపు జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబర్, నవంబర్లలో తుఫాన్లు. గొయ్యిలో నీళ్లు నిలిస్తే పని ఆగుతుంది, పండగలకు ఆగుతుంది. 240 రోజులు పని జరిగితే గొప్ప. 78,000ని 240తో భాగిస్తే రోజుకు 325 టన్నులు. 10 టైర్ల టిప్పర్లో సుమారు 18 టన్నులు పడతాయి కాబట్టి రోజుకు 18 లోడ్లు. వెళ్లిన బండి ఖాళీగా తిరిగొస్తుంది, అదీ అదే రోడ్డు మీద. కాబట్టి 36 రాకపోకలు. లోడ్లు మాత్రమే లెక్కేసి ఖాళీ బళ్లను వదిలేసిన రిపోర్టులు చాలా చూశాను. మొట్టమొదట వెతకాల్సింది అదే.

ఇక్కడితో ఆగకూడదు. ఎక్కడో పెద్ద రోడ్డు పనో లేఅవుటో మొదలైతే ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చిపడతాయి, వేసవిలో సప్లై ఎక్కువ. రద్దీ రోజుకు కనీసం ఒకటిన్నర రెట్లు వేయండి. 27 లోడ్లు, 54 రాకపోకలు. పది గంటల పనిదినంలో 54 అంటే దాదాపు 11 నిమిషాలకొక టిప్పర్ ఇంటి ముందునుంచి పోతుంది. ఈ ఒక్క వాక్యం రిపోర్టులో ఉంటే చాలు, ఊరి జనానికి విషయం బోధపడుతుంది. నీళ్ల ట్యాంకరు, డీజిల్ బండి, పేలుడు పదార్థాల వ్యాను, కూలీల బైకులు కూడా చేర్చండి.

పక్క క్వారీలను మరిచిపోవద్దు. 500 మీటర్ల లోపు ఉన్న లీజులన్నీ కలిపి 5 హెక్టార్లు దాటితే వాటిని క్లస్టర్‌గా, అంటే ఒకే గుంపుగా చూడాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. క్లస్టర్ కాకపోయినా సరే, ఆ టిప్పర్లు అదే రోడ్డెక్కుతున్నప్పుడు వాటిని కూడా కలిపే లెక్కవేయాలి. రోడ్డుకు ఏ టిప్పర్ ఎవరిదో తెలియదు.

రోడ్డు మీద ఇప్పుడున్న బళ్లు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) పద్ధతిలో గ్రామీణ రోడ్ల ట్రాఫిక్ గణనను ఏడాదికి రెండు విడతలు, విడతకు వరసగా 7 రోజులు, 24 గంటలూ చేయాలి. అందులో ఒకటి పంట కోసి అమ్ముకునే సీజన్లో ఉండాలి. చిన్న క్వారీకి అంత ఖర్చు పెట్టలేమంటే కనీసం మూడు రోజులు చేయండి. ఆ మూడింటిలో ఒకటి సంత రోజు కావాలి. మా దగ్గరైతే చెరకు సీజన్ తప్పనిసరి. జనవరి నుంచి చెరకు ట్రాక్టర్లు, బెల్లం బళ్లు రోడ్డు మీదుంటాయి. క్వారీ సప్లై ఊపందుకునేదీ అప్పుడే. ఆగస్టులో లెక్కపెట్టి "ట్రాఫిక్ పలుచగా ఉంది" అని రాస్తే అది ఆగస్టు సంగతి మాత్రమే.

ఇద్దరు కుర్రాళ్లు, రెండు అట్టలు, వచ్చే దిక్కుకొక కాగితం, పోయే దిక్కుకొకటి. పదిహేను నిమిషాలకొక గడి. నాలుగు నిలువు గీతలు, ఐదోదానికి అడ్డగీత. ఈ కాగితాల నకళ్లు రిపోర్టు వెనక జతపరచి ఉండాలి. లేకపోతే ఆ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో అడగండి.

తర్వాత అన్నిటినీ పీసీయూలోకి, అంటే కారుతో సమానం చేసిన లెక్కలోకి మార్చాలి. ఐఆర్‌సీ-64 ప్రకారం బైకు 0.5, కారు, ఆటో 1, చిన్న ట్రాలీ బండి 1.5, లారీ లేదా బస్సు 3, ట్రాలీతో ఉన్న ట్రాక్టర్ 4.5, ఎడ్లబండి 8. ఒక మామూలు ఊరి రోడ్డు మీద 500 బైకులు, 120 ఆటోలు, 50 కార్లు, 20 చిన్న ట్రాలీలు, 25 ట్రాక్టర్లు, బస్సులూ లారీలూ కలిపి 12 అనుకోండి. దాదాపు 600 పీసీయూ వస్తుంది. మన 54 టిప్పర్లు 162. మొత్తం 762. మైదాన ప్రాంతంలో ఒంటి వరస రోడ్డు సామర్థ్యం రోజుకు 2,000 పీసీయూ అని అదే ఐఆర్‌సీ చెబుతుంది. భాగిస్తే 0.38. "సామర్థ్యం సరిపోతుంది" అన్న వాక్యం పుట్టేది ఇక్కడే.

లెక్క తప్పు కాదు. కానీ ఆ అంకె చెప్పేది రోడ్డు మీద బళ్లు కిక్కిరిసిపోతాయా లేదా అన్నది ఒక్కటే. మన ఊళ్లలో ట్రాఫిక్ జామ్ ఎవరి బాధా కాదు. అదే పట్టికలో ఇంకో వరస చూడండి: భారీ వాహనాలు 12 నుంచి 66కి పెరుగుతున్నాయి. ఐదున్నర రెట్లు. నడిచేవాళ్లకూ సైకిల్ మీద బడికెళ్లే పిల్లలకూ మేకల మందకూ తగిలేది ఆ అంకె. కాబట్టి భారీ వాహనాలను విడిగా, గంటలవారీగా చూపించమని పట్టుబట్టండి. నడిచేవాళ్లను కూడా లెక్కపెట్టండి, పీసీయూ పట్టికలో వాళ్లకు చోటు లేదు.

రోడ్డు ఎన్నాళ్లు నిలుస్తుంది

చిన్న క్వారీల విషయంలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇది. రిపోర్టుల్లో దాదాపు ఎప్పుడూ కనపడదు.

రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు మీది బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. కొలమానంగా 80 కిలోన్యూటన్ల, అంటే 8.16 టన్నుల ఇరుసును ప్రామాణిక ఇరుసు అంటారు. చట్టం అనుమతించిన లోడుతో ఉన్న 10 టైర్ల టిప్పర్లో ముందు ఇరుసు మీద 7 టన్నులు, వెనక జంట ఇరుసు మీద 21 టన్నులు పడతాయి. ప్రామాణిక ఇరుసు చేసేంత నష్టమే చేసే బరువు ఒంటి టైర్ల ఇరుసుకు 6.6 టన్నులు, జంట ఇరుసుకు 15.1 టన్నులు. 7ని 6.6తో భాగించి నాలుగో ఘాతం వేస్తే 1.27, 21ని 15.1తో భాగించి వేస్తే 3.74. మొత్తం 5. అంటే ఒక్క లోడు టిప్పర్ అయిదు ప్రామాణిక ఇరుసులకు సమానం.

రోజుకు 18 లోడ్లు, 240 రోజులు, లోడుకు 5. ఏడాదికి 21,600 ప్రామాణిక ఇరుసులు. ఇప్పుడు ఆ రోడ్డును ఎంతకు వేశారో తెలుసుకోండి. తక్కువ ట్రాఫిక్ ఉన్న గ్రామీణ రోడ్లను ఐఆర్‌సీ ఎస్పీ-72 ప్రకారం టీ1 నుంచి టీ9 వరకు తరగతులుగా డిజైన్ చేస్తారు. టీ3 తరగతి అంటే పదేళ్ల జీవితకాలం మొత్తానికి 60,000 నుంచి లక్ష ఇరుసులు. లక్షే అనుకున్నా, క్వారీ టిప్పర్లు ఒక్కటే దాన్ని నాలుగున్నరేళ్లలో తినేస్తాయి. ఊరి బళ్లు, చెరకు ట్రాక్టర్లు వేరే.

ఇదంతా చట్టప్రకారం లోడు వేస్తేనే. ఇరుసు బరువు 30 శాతం పెరిగేలా ఓవర్‌లోడు వేస్తే 1.3కి నాలుగో ఘాతం 2.86. నష్టం దాదాపు మూడు రెట్లు, రోడ్డు ఆయుష్షు రెండేళ్లలోపు. ఓవర్‌లోడుకు మోటారు వాహనాల చట్టం కింద 20,000 రూపాయల జరిమానా, పైగా అదనపు టన్నుకు 2,000 ఉన్నా, ఊరి రోడ్డు మీద కాటా వేసేవాళ్లు ఎవరుంటారు? అందుకే క్వారీ గేటు దగ్గరే వేబ్రిడ్జి, అంటే బండిని తూచే కాటా ఉండాలని షరతు పెట్టించాలి.

రోడ్డు తరగతి కోసం మండల పంచాయతీరాజ్ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)ని అడగండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డయితే బోర్డు మీద పొడవు, కాంట్రాక్టరు, ఐదేళ్ల నిర్వహణ గడువు రాసి ఉంటాయి. డిజైన్ వివరం ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

దారి పొడవునా నడవండి

క్వారీ గేటు నుంచి టిప్పర్లు పెద్ద రోడ్డెక్కే చోటుదాకా నడవాలి. అది బీఎన్ (భీమిలి-నర్సీపట్నం) రోడ్డయినా, 16వ నంబరు జాతీయ రహదారయినా సరే. బండి మీద వెళ్తే ఏమీ కనపడవు. టేపు, సుద్దముక్క, ఫోను చాలు. గ్రామ సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ను వెంటబెట్టుకుంటే కొలతలకు విలువ పెరుగుతుంది.

ప్రతి 200 మీటర్లకు తారు వెడల్పు, రెండు పక్కలా బెర్ము (తారు పక్కన వదిలిన మట్టి అంచు) వెడల్పు రాయండి. 3.75 మీటర్ల రోడ్డు మీద రెండున్నర మీటర్ల వెడల్పున్న రెండు టిప్పర్లు ఎదురైతే ఒకటి బెర్ము దిగాల్సిందే. బెర్ము మీద కరెంటు స్తంభమో, పెంటకుప్పో, డ్రైనేజీ కాలువో ఉందా చూడండి. ఉంటే ఆ చోటుకు గుర్తు పెట్టండి.

మలుపుల దగ్గర కాసేపు ఆగండి. టిప్పర్ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, లోపలి వైపుకు కోసుకుని వస్తాయి. అక్కడ తారు అంచు ముందు పగులుతుంది, తర్వాత బిస్కెట్ ముక్కల్లా ఊడుతుంది. పక్కన గ్రావెల్ దిగిపోయి జానెడు లోతు గాడి పడుతుంది. రాత్రి ఎదురొచ్చే లైట్లకు కళ్లు చెదిరి పక్కకు తప్పుకున్న బైకు ముందు చక్రం ఆ గాడిలో దిగితే మనిషి రోడ్డు మీద పడతాడు, టిప్పర్ వైపే పడతాడు. క్వారీ రాకముందే ఏ మలుపులో అంచు చిట్లి ఉందో, అక్కడే రేపు ప్రమాదం జరుగుతుంది. అంచు లోతు టేపుతో కొలిచి ఫొటో తీయండి.

చూపు దూరం కూడా మలుపులోనే కొలవాలి. 40 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి 45 మీటర్లు కావాలి. ఒంటి వరస రోడ్డు మీద ఇద్దరూ ఎదురెదురుగా వస్తారు కాబట్టి 90. ఇద్దరు మనుషులు మలుపుకు చెరోవైపు నడుస్తూ, ఒకరికొకరు కనపడకుండా పోయేచోట ఆగి మధ్య దూరం కొలవాలి. చెరకు ఎదిగిన రోజుల్లో కొలవడం మంచిది. కోత అయ్యాక చాలా దూరం కనిపించే మలుపు, నవంబరులో నిలువెత్తు చెరకు మధ్య గుడ్డి మలుపు అవుతుంది.

కల్వర్టుల్లోకి దిగి చూడండి. వేసవిలో తూము ఎండి ఉంటుంది, టార్చి వేస్తే హ్యూమ్ పైపు (సిమెంటు కాంక్రీటు గొట్టం) పైకప్పులో పొడుగాటి పగుళ్లు, జారిన అతుకులు కనపడతాయి. పైన రోడ్డు కొంచెం పళ్లెంలా కుంగి ఉంటే ఆ పైపు మీద ఇప్పటికే భారం పడుతోందన్నమాట. దాన్ని బలపరచకుండా టిప్పర్లను వదలకూడదు.

బడి, అంగన్‌వాడీ, గుడి, రేషన్ షాపు, మంచినీళ్ల కుళాయి, రోడ్డంచు నుంచి ఇంటి అరుగుకు దూరం కూడా రాయండి. పెద్ద రోడ్డు కలిసే చోట లోడు టిప్పర్ కుడికి తిరగడానికి ఎంతసేపు పడుతోందో, అక్కడ రాలిన కంకర మీద బైకులు జారుతున్నాయో లేదో చూడండి.

ఏం అడగాలి

"తగిన చర్యలు తీసుకోబడును" అన్న మాటను ఒప్పుకోవద్దు. ప్రతి షరతులో అంకె ఉండాలి. రోజుకు గరిష్ఠంగా ఇన్ని లోడ్లు. బడి వేళలకు ముందూ వెనకా టిప్పర్లు బంద్, రాత్రిపూట పూర్తిగా బంద్. ఊళ్లో వేగం 20 దాటకూడదు. కిలోమీటరుకు రెండు మూడు చోట్ల బళ్లు తప్పుకునే జాగా. ఫలానా కల్వర్టు, ఫలానా మలుపు మొదటి లోడు బయటికి పోకముందే బాగుచేయాలి. టార్పాలిన్ లేని లోడు గేటు దాటకూడదు. ఊరి బయటి నుంచి డొంక దారి ఉంటే దాన్ని గట్టిపరిచి అటు మళ్లించే ఖర్చు ఎంతో కూడా రిపోర్టులో రాయించండి. చాలాసార్లు అదే అందరికీ చవక. రోడ్డు మరమ్మతుకు, గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం ఉన్న జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధులు అడగొచ్చు, కానీ వాటిని చూపించి యజమాని బాధ్యత తప్పించుకోకూడదు.

ప్రజాభిప్రాయ సేకరణ ఉంటే కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ రోజుల్లోనే మీ కొలతలు, ఫొటోలు పూర్తిచేసి లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సభలో ఆవేశంగా మాట్లాడిన మాట కన్నా "మూడో కల్వర్టు పైపు పగిలి ఉంది, ఫొటో జతచేశాం" అన్న కాగితానికి జవాబు చెప్పక తప్పదు.

అనుమతి వచ్చాక యజమాని ఏటా జూన్ 1, డిసెంబర్ 1 తేదీలకు షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. మీరూ అదే తేదీలకు అదే దారిన నడిచి, సుద్దతో గుర్తుపెట్టిన అవే చోట్ల వెడల్పు, అంచు లోతు కొలిచి, పాత ఫొటోల పక్కన పెట్టండి. ఒక ప్రతి సచివాలయంలో, ఒకటి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఇవ్వండి. వేబ్రిడ్జి స్లిప్పుల నెలవారీ మొత్తం కూడా అడిగి తీసుకుని, ఒప్పుకున్న లోడ్ల సంఖ్యతో సరిపోల్చండి.