భూగర్భ మెట్రో ప్లానింగ్ – 4వ పాఠం: పట్టాలు ఎంత లోతున?

గత పాఠాల్లో మ్యాపు మీద రూటు గీశాం, స్టేషన్లకు చోట్లు ఖాయం చేశాం, బోర్‌హోల్ రిపోర్టు (నేలలో రంధ్రం వేసి మట్టి పొరలు పరీక్షించిన రిపోర్టు) చదవడం నేర్చుకున్నాం. అదంతా పైనుంచి చూసిన బొమ్మ. ఈసారి నేలను నిలువునా కోసి పక్కనుంచి చూస్తాం. ఈ డ్రాయింగును లాంగ్ సెక్షన్ అంటారు. గ్రాఫ్ కాగితం, పెన్సిల్, రబ్బరు దగ్గర పెట్టుకోండి. రబ్బరు ఎక్కువగా అరుగుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు దాదాపు అందరూ సొరంగంతో మొదలుపెడతారు. "ఇంత లోతులో మంచి రాయి ఉంది, రైలు అక్కడ నడిపిద్దాం" అంటారు. నేనైతే దీన్ని తలకిందుల పద్ధతి అంటాను. లోతు తేలేది స్టేషన్ల దగ్గర. సొరంగం పని ఆ స్టేషన్లను కలపడమే. ఎందుకంటే టీబీఎమ్, అంటే సొరంగం తొలిచే యంత్రం, 15 మీటర్ల లోతున వెళ్లినా 25 మీటర్ల లోతున వెళ్లినా ఖర్చులో పెద్ద తేడా రాదు. స్టేషన్ అలా కాదు. దాన్ని పైనుంచి గొయ్యి తవ్వి కట్టాలి. లోతు పెరిగేకొద్దీ గోడల మీద మట్టి ఒత్తిడి, నీటి ఒత్తిడి పెరుగుతాయి, అడ్డంగా పెట్టే ఉక్కు దూలాల వరసలు పెరుగుతాయి, పనికి పట్టే నెలలూ పెరుగుతాయి. ప్రమాదమూ ఈ గోతుల దగ్గరే ఎక్కువ. 2004లో సింగపూర్‌లో నికోల్ హైవే కూలి నలుగురు చనిపోయారు. 2009లో జర్మనీలోని కొలోన్‌లో నగర ఆర్కైవ్స్ భవనం కుప్పకూలి ఇద్దరు చనిపోయారు. రెండూ మెట్రో పనులే. రెండు చోట్లా కారణం టీబీఎమ్ కాదు, పైనుంచి తవ్విన లోతైన గొయ్యి.

కట్టడం అయ్యాక కూడా లోతు ఊరుకోదు. ప్రయాణికులు రోజూ ఆ లోతంతా దిగాలి, ఎక్కాలి. మంటలు వస్తే పరుగెత్తాల్సిందీ ఆ మెట్ల మీదే. చాలా దేశాలు పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 130 అనే అగ్ని భద్రతా ప్రమాణం ప్రకారం ప్లాట్‌ఫామ్ 4 నిమిషాల్లో ఖాళీ కావాలి, చివరి మనిషి 6 నిమిషాల్లో సురక్షిత స్థలానికి చేరాలి.

మరి కీవ్‌లోని ఆర్సెనల్నా స్టేషన్‌ను 105 మీటర్లకు పైగా లోతున ఎందుకు కట్టారని మీరు అడగవచ్చు. 1960లో తెరిచిన ఆ స్టేషన్ ద్నిప్రో నది పక్కన ఎత్తయిన గుట్ట కింద ఉంది. దాని పక్క స్టేషన్ నది ఒడ్డున, నేలకు పైనే ఉంది. అంటే అక్కడ పట్టాలు పాతాళానికి దిగలేదు, వాటి మీద గుట్ట లేచింది. రెండు స్టేషన్ల మధ్య ఉన్న కొద్ది దూరంలో రైలు అంత ఎత్తు ఎక్కలేదు. వాలు పెట్టే షరతు ఎంత కఠినమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక కాగితం మీదికి వద్దాం. అడ్డంగా 1 సెంటీమీటరుకు 50 మీటర్లు, నిలువుగా 1 సెంటీమీటరుకు 2 మీటర్లు స్కేలు పెట్టుకోండి. నిలువు 25 రెట్లు సాగుతుంది కాబట్టి మామూలు వాలు కూడా కొండ దిగుతున్నట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి.

మన లెక్క ఇది. మట్టాలన్నీ ఒకే ఆధార గీత నుంచి కొలిచిన ఎత్తులు. ఎ స్టేషన్ దగ్గర నేల మట్టం 50.0 మీటర్లు, బి దగ్గర 44.0. స్టేషన్ గోతుల అంచు నుంచి అంచుకు 880 మీటర్లు. ఎ అంచు నుంచి 500 మీటర్ల దూరంలో ఒక వాగు అడ్డం వస్తుంది, దాని అడుగు మట్టం 38.0. ఈ మూడు చుక్కలు పెట్టి నేల గీత గీయండి. బోర్‌హోల్స్‌లో చూసిన మట్టి పొరలు, భూగర్భ జలమట్టం, పెద్ద మురుగు పైపులు, వంతెనల పైల్స్ (నేలలోకి లోతుగా దింపిన పునాది స్తంభాలు) కూడా అదే కాగితం మీద గుర్తు పెట్టాలి. పైల్స్ రూటుకు నేరుగా అడ్డం వస్తే లోతుతో తప్పించాలని చూడొద్దు. మ్యాపు దగ్గరికి తిరిగి వెళ్లి రూటునే పక్కకు జరపడం మేలు.

ఇప్పుడు స్టేషన్ లోతు. పైనుంచి కిందికి కూడుకుంటూ రండి. పైపులు, కేబుళ్లు పోవడానికి 3.0 మీటర్ల మట్టి. పైకప్పు స్లాబు 1.0. టికెట్లు, గేట్లు ఉండే కాంకోర్స్ అంతస్తు 5.0. దాని కింది స్లాబు 0.8. అక్కడి నుంచి ప్లాట్‌ఫామ్ వరకు 4.6. ప్లాట్‌ఫామ్ నుంచి పట్టా పైభాగానికి 1.1. మొత్తం 15.5 మీటర్లు. కాబట్టి ఎ దగ్గర పట్టా మట్టం 34.5, బి దగ్గర 28.5. స్టేషన్లలో పట్టా దాదాపు సమతలంగా ఉండాలి, అందుకే అక్కడ అడ్డగీతలే గీయండి.

ఈ రెండింటినీ స్కేలు పెట్టి కలిపేస్తే 880 మీటర్లలో 6 మీటర్ల దిగుడు, 0.7 శాతం కూడా లేదు. చూడ్డానికి బాగుంటుంది. కానీ వాగు ఒప్పుకోదు.

సొరంగం బయటి వ్యాసం 6.6 మీటర్లు అనుకుందాం. దాని నెత్తిన కనీసం ఒక వ్యాసమంత మట్టి ఉంచడం మొదటి అంచనాకు సరిపోయే నియమం. వాగు అడుగు 38.0 నుంచి 6.6 తీసేస్తే సొరంగం పైభాగం 31.4. పట్టా దానికి 5.4 మీటర్లు కింద ఉంటుంది. కాబట్టి వాగు కింద పట్టా మట్టం 26.0 దాటకూడదు. ఆ చుక్కను ఎర్ర పెన్సిల్‌తో పెట్టండి. గీత దాని కిందుగానే పోవాలి.

ఎ నుంచి ఆ చుక్కకు 8.5 మీటర్లు దిగాలి. 500 మీటర్లలో 1.7 శాతం వాలుతో ఒకే గీతగా దిగవచ్చు. నేనైతే అలా గీయను. స్టేషన్ దాటగానే 3 శాతంతో 260 మీటర్లు దింపేస్తాను. అది 7.8 మీటర్ల దిగుడు, అక్కడికి పట్టా మట్టం 26.7. ఆ తర్వాత 0.3 శాతంతో నెమ్మదిగా. వాగు దగ్గరికి వచ్చేసరికి 25.98. ఎర్ర చుక్కకు కిందే, కానీ కొద్దిగానే.

ఇలా దింపడంలో లాభం ఉంది. 7.8 మీటర్లు దిగిన రైలుకు, ఘర్షణలాంటివి పక్కన పెడితే, భూమ్యాకర్షణే గంటకు సుమారు 44.5 కిలోమీటర్ల వేగం ఇస్తుంది (2×9.81×7.8కి వర్గమూలం కట్టి, 3.6తో గుణించి చూసుకోండి). ఎదురు దిశలో వచ్చే రైలు అదే వాలు ఎక్కుతూ తనంతట తానే నెమ్మదిస్తుంది. బ్రేకులు తక్కువ అరుగుతాయి, సొరంగంలో వేడీ తగ్గుతుంది. ఇది కొత్త తెలివేమీ కాదు. 1900లో తెరిచిన సెంట్రల్ లండన్ రైల్వేలోనే స్టేషన్లను చిన్న గుట్టల మీద పెట్టినట్టు కట్టారు: వచ్చేటప్పుడు 60కి 1 ఎక్కుడు, వెళ్లేటప్పుడు 30కి 1 దిగుడు.

ఆ 0.3 శాతం ఎందుకు, సమతలంగా పెట్టకూడదా? పెట్టకూడదు. ఎంత బాగా కట్టిన సొరంగంలోనైనా నీరు ఊరుతుంది, పైగా మంటలార్పే పైపులుంటాయి. ఆ నీరు ఒక వైపుకు పారాలి. పారి అన్నిటికంటే పల్లపు చోట సంప్‌లో, అంటే నీటి గుంటలో, చేరితే, పంపులు పైకి తోడుతాయి. సాధారణంగా అక్కడే రానూ పోనూ ఉండే రెండు సొరంగాలను కలిపే అడ్డ దారి, క్రాస్ ప్యాసేజీ, కూడా కడతారు.

అసలు చిక్కు ఇక్కడుంది. క్రాస్ ప్యాసేజీని టీబీఎమ్ తవ్వదు. సొరంగం గోడ కోసి, చిన్న యంత్రాలతో, మనుషులు తవ్వాలి. అది వాగుకు సరిగ్గా కింద, నీళ్లు నిండిన ఇసుకలో పడితే ఆ కాంట్రాక్టరు ఇంజనీరుకు నిద్ర ఉండదు. మట్టిని గడ్డకట్టించో, గ్రౌట్ (సిమెంటు ద్రవం) ఎక్కించో తవ్వాల్సి వస్తుంది. కాబట్టి పల్లపు చోటును వాగు దగ్గర పెట్టకుండా, 0.3 శాతం గీతను ఇంకో 100 మీటర్లు పొడిగించండి. 600 మీటర్ల దగ్గర పట్టా మట్టం సుమారు 25.7. అక్కడి బోర్‌హోల్‌లో గట్టి బంకమట్టో రాయో ఉంటే పంట పండినట్టే. అక్కడి నుంచి బి వరకు 280 మీటర్లలో 2.8 మీటర్లు ఎక్కాలి, అంటే 1 శాతం. హాయిగా సరిపోయింది.

వాలు మారే ప్రతి చోటా మూల ఉండకూడదు, వంపు ఉండాలి. 2000 మీటర్ల వ్యాసార్థం తీసుకుంటే, 3 నుంచి 0.3కి మారే చోట వంపు పొడవు 2000×0.027, అంటే 54 మీటర్లు. ఎ దగ్గర 0 నుంచి 3కి మారేచోట 60 మీటర్లు. దీనిలో సగం స్టేషన్ వైపుకు వస్తుంది. అది ప్లాట్‌ఫామ్ కిందికి చొరబడకుండా చూసుకోండి.

చివరగా ఒక పరీక్ష, పైన ఉన్న ఇళ్ల కోసం. సొరంగం తవ్వితే నేల కొంత కుంగక మానదు. పెక్ అనే ఇంజనీరు 1969లో చూపించిన పద్ధతి ఇప్పటికీ మొదటి అంచనాకు వాడతారు. కుంగిన భాగం గంట ఆకారపు వక్రం, తిరగేసినది. దాని వెడల్పును నిర్ణయించే సంఖ్య ఐ. బంకమట్టిలో అది సొరంగం మధ్య రేఖ లోతులో సుమారు సగం. ఎ పక్కన మధ్య రేఖ లోతు 13.4 మీటర్లు, కాబట్టి ఐ 6.7. సొరంగం అడ్డుకోత వైశాల్యం 34.2 చదరపు మీటర్లు. అందులో 1 శాతం మట్టి అదనంగా లోపలికి వచ్చిందనుకుంటే మీటరుకు 0.342 ఘనపు మీటర్లు. దాన్ని 2.5×6.7తో భాగిస్తే 0.020 మీటర్లు, అంటే 20 మిల్లీమీటర్ల కుంగుబాటు. పాత ఇటుక గోడలకు ఇది టెన్షన్ పెట్టే అంకె. రెండో సొరంగం దాటాక దాని కుంగుబాటూ కలుస్తుంది.

మధ్య రేఖను 20 మీటర్లకు దింపితే 14 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అదే లోతున ఉంచి, మట్టి నష్టాన్ని, అంటే అదనంగా లోపలికి వచ్చే మట్టిని, అర శాతానికి తెస్తే 10కి దిగుతుంది. యంత్రం ముందు భాగంలో ఒత్తిడి సరిగ్గా నిలిపి, సొరంగం గోడగా అమర్చే రింగుల వెనక గ్రౌట్ వెంటనే నింపగల ఆపరేటరు 6.6 మీటర్ల అదనపు లోతు కంటే ఎక్కువ మేలు చేస్తాడు. స్టేషన్ ఇంకా దింపుదామని ఎవరైనా అన్నప్పుడు ఈ లెక్క చూపించండి.

అభ్యాసం: ఇదే సెక్షన్‌లో వాగు అడుగు 36.0 అనుకుని మళ్లీ గీయండి. 3 శాతం వాలు సుమారు 333 మీటర్లు, బి వైపు ఎక్కుడు సుమారు 1.7 శాతం వస్తే మీ గీత సరైనదే. తర్వాత వాగు అడుగు 30.0 పెట్టి చూడండి. వాలు 3 శాతం దాటకూడదని హద్దు పెట్టుకుంటే అది కుదరదు, ఎ స్టేషన్ కనీసం 1.5 మీటర్లు దిగాలి. దింపుతారో, రూటు జరుపుతారో నిర్ణయించుకుని, కారణం కాగితం వెనక రెండు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠంలో స్టేషన్ గొయ్యి కడతాం. భూగర్భ జలం ఆ కాంక్రీటు పెట్టెను పడవలా పైకి లేపకుండా బరువు లెక్క కట్టడంతో మొదలుపెడదాం.