మధ్యాహ్నం అయితే చాలు పీసీ మొరాయిస్తోందా? ముందు టెంపరేచర్ చూడండి

తిరుపతిలో మా మిద్దె మీది గదిలో పీసీ మే నెలలో పొద్దున బాగానే నడిచేది, రెండయ్యేసరికి ఫ్యాన్ హోరెత్తి, క్లిక్ చేస్తే ఆగి ఆగి కదిలి, ఒక్కోసారి టక్కున ఆఫ్ అయిపోయేది. వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేయించాను, డబ్బు దండగ. అసలు సంగతి వేడి.

ఒకటి గుర్తుపెట్టుకోండి, ఫ్యాన్ విసిరేది గదిలో ఉన్న గాలినే. గది 25 డిగ్రీలప్పుడు 65 చూపే ప్రాసెసర్, గది 40కి చేరితే అదే పనికి 80 దాకా పోతుంది, అందులో లోపమేమీ లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని టెంపరేచర్ చూపే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, వేసి చూడండి. ఊరికే ఉన్నప్పుడు 35–50, బరువు పనిలో 85 లోపు ఉంటే టెన్షన్ వద్దు. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 దగ్గరికి వస్తే తమను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి, మీకు కనిపించే స్లో అదే. ఏఎండీ కంపెనీ రైజెన్ 7600ఎక్స్ లాంటి ప్రాసెసర్లు మాత్రం బరువు పనిలో 95 వరకు వెళ్లేలాగే తయారయ్యాయి.

90 దాటి అక్కడే నిలబడుతోందా? క్యాబినెట్ సైడ్ డోర్ తీసి అదే పని మళ్లీ చేయండి. పది డిగ్రీలు పడిపోతే గాలి ఆడడం లేదన్నమాట. టేబుల్ అరలోంచి బయటికి లాగి, గోడకు జానెడు దూరం పెట్టండి. గదిలో వాడే నీళ్ల కూలర్‌ను నేరుగా దాని మీదికి తిప్పొద్దు, తేమ మంచిది కాదు.

డోర్ తీసినా తగ్గలేదంటే ప్రాసెసర్ మీద వేడిని లాగే లోహపు దిమ్మ, అంటే హీట్‌సింక్ సందుల్లో దుమ్ము అట్టకట్టి ఉంటుంది. ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి.

దుమ్ము లేదు, అయినా పని మొదలైన రెండు మూడు సెకన్లకే 50 నుంచి 95కి ఎగురుతోందా? ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోయింది, లేదా హీట్‌సింక్ సరిగా ఆనలేదు. నాది ఇదే: హీట్‌సింక్‌ను బిగించే నాలుగు పిన్నుల్లో ఒకటి ఊడి ఉంది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠానీ గింజంత కొత్తది పెట్టి, పిన్నులు ఎదురెదురు మూలల్లో నొక్కాను. అదే మధ్యాహ్నం 96 కాస్తా 78కి దిగింది.

ఆఫ్ అయ్యే ముందు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ 70 లోపే ఉంటే మాత్రం పేస్ట్ జోలికి పోకండి, పీసీకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌నో ఇంటి కరెంటునో చూపించుకోండి.