16 సీట్ల బరువు ఎంత? సంకీర్ణ లెక్కను చదివే పద్ధతి

తెలుగుదేశం పార్టీ లోక్‌సభ ఎన్నికల్లో సరిగ్గా 16 స్థానాలు మూడుసార్లు గెలిచింది: 1996లో, 2014లో, 2024లో. అంకె మారలేదు గాని, ఢిల్లీలో ఆ అంకెకు దక్కిన విలువ ఒకసారి ఉన్నట్టు మరొకసారి లేదు. ఫలితాల సాయంత్రం టీవీల్లో ‘చక్రం తిప్పుతారు’, ‘కింగ్‌మేకర్’ అన్న మాటలు వినిపించడం మొదలైన వెంటనే అవి ఎంతవరకు నిజమో మీరే తేల్చుకోవాలనుకుంటే, ఒక కాగితమూ పెన్సిలూ చాలు. ఆ లెక్క వేసే విధానమే ఈ వ్యాసం.

మొదట తీసివేత చేయండి. లోక్‌సభలో ఎన్నికైన సభ్యులు 543 మంది, మెజారిటీకి 272 మంది కావాలి. సాధారణంగా అందరూ కూడికే చేస్తారు: పెద్ద పార్టీకి ఎన్ని వచ్చాయి, మిత్రపక్షాలను కలిపితే ఎంత అవుతుంది అని. చిన్న పార్టీ బలం మాత్రం కూడికలో కనబడదు, తీసివేతలోనే కనబడుతుంది. 2024 జూన్ 4 నాటి లెక్క చూడండి. బీజేపీకి 240, అంటే మెజారిటీకి 32 తక్కువ. బీజేపీ నాయకత్వంలోని కూటమి ఎన్డీయే మొత్తం 293. ఇందులోంచి తెలుగుదేశం 16 తీసేస్తే 277 మిగులుతుంది, ప్రభుత్వం నిలుస్తుంది. బిహార్ పార్టీ జేడీయూ 12 మాత్రమే తీసేస్తే 281, అప్పుడూ నిలుస్తుంది. రెండూ కలిపి తీసేస్తే 265, అప్పుడు పడిపోతుంది. కాబట్టి ఆ రోజు ఏ ఒక్క పార్టీ చేతిలోనూ తాళంచెవి లేదు. రెండు పార్టీలు ఒకేసారి, ఒకే కారణంతో కదిలితేనే తలుపు తెరుచుకుంటుంది. పట్నాకూ అమరావతికీ ఒకే కోరిక ఉండే సందర్భాలు ఎన్ని ఉంటాయో ఆలోచించుకుంటే, పెద్ద పార్టీ ఎందుకు నిశ్చింతగా ఉండగలిగిందో అర్థమవుతుంది.

తీసివేత అయ్యాక అదే కాగితం రెండో వైపు ఇంకో లెక్క రాయాలి: బయటికి వచ్చినవారు ఎక్కడికి వెళ్తారు? ప్రతిపక్షాల ‘ఇండియా’ కూటమికి 234 అనుకుంటే, ఈ 28 కలిపినా 262 మాత్రమే అవుతుంది, ఇంకా పది తక్కువ. అంటే ప్రభుత్వాన్ని కూల్చే శక్తి ఉన్నా, దాని స్థానంలో మరొకటి నిలబెట్టే శక్తి ఆ రెండు పార్టీలకు లేదు. కూల్చే శక్తి, నిలబెట్టే శక్తి వేర్వేరు అన్న సంగతి 1999లో కాంగ్రెస్‌కు కూడా అనుభవంలోకి వచ్చింది. వాజ్‌పేయి ప్రభుత్వం పడిన తర్వాత 272 మంది తమవైపు ఉన్నారని సోనియా గాంధీ చెప్పినా, ములాయం సింగ్ యాదవ్ మద్దతు ఇవ్వకపోవడంతో ప్రత్యామ్నాయం ఏర్పడలేదు, దేశం మళ్లీ ఎన్నికలకు వెళ్లింది. జర్మనీలో వారసుణ్ని ఎన్నుకుంటే తప్ప చాన్సలర్‌ను దించే వీలులేదు. మన రాజ్యాంగంలో అటువంటి షరతు ఏదీ లేదు గనుక రెండో లెక్క మనమే వేసుకోవాలి.

ఈ రెండు లెక్కలను పట్టుకుని మూడు పదహార్లనూ తూచి చూడండి. 1996లో బీజేపీకి 161, కాంగ్రెస్‌కు 140. మిగిలినవారు 13 పార్టీలతో కట్టుకున్న యునైటెడ్ ఫ్రంట్‌కు చంద్రబాబు నాయుడు కన్వీనర్. అప్పుడు 16 సీట్లకు వచ్చిన గౌరవం సీట్లను మించినది, ఎందుకంటే ఆ పార్టీ కూటమిని కలిపి ఉంచే పని చేసింది. అయినా ఆ ప్రభుత్వం ఆయువు తెలుగుదేశం చేతిలో లేదు. ప్రభుత్వంలో చేరకుండా బయటి నుంచి మద్దతిస్తున్న కాంగ్రెస్ తప్పుకోగానే 1997 ఏప్రిల్‌లో దేవెగౌడ ప్రభుత్వం పడింది, అదే ఏడాది నవంబర్‌లో గుజ్రాల్ ప్రభుత్వానికీ అదే గతి పట్టింది. 2014లో బీజేపీకి ఒంటరిగానే 282 వచ్చాయి. అందులో 16 కలిపినా తీసేసినా తేడా ఏమీ పడదు. ప్రత్యేక హోదా విషయంలో విభేదించి తెలుగుదేశం 2018 మార్చిలో ఎన్డీయే నుంచి బయటికి వచ్చింది. జూలై 20న అది పెట్టిన అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు వచ్చాయి. బేరానికి బలం లేని కాలంలో చేసిన బెదిరింపు ఓట్ల లెక్కింపులో ఎలా తేలిపోతుందో అది చూపింది.

ఇక్కడ పాఠకులు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది, అది మంత్రి పదవులు. పత్రికలు ‘మనకు ఎన్ని బెర్తులు’ అనే లెక్కనే మొదటి పేజీలో వేస్తాయి గాని, బరువు కొలవడానికి అది సరైన తూకం కాదు. 2014లో తెలుగుదేశానికి దక్కినవి ఒక కేబినెట్ పదవి, ఒక సహాయ మంత్రి పదవి. ఆ కేబినెట్ శాఖ పౌర విమానయానం, మంత్రి అశోక్ గజపతిరాజు. 2024లోనూ ఒక కేబినెట్, ఒక సహాయ మంత్రి. శాఖ మళ్లీ పౌర విమానయానమే, మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు. తూకం పూర్తిగా మారినా పదవుల పట్టిక మారలేదు. అదే మంత్రివర్గంలో ఒక్క సీటున్న జీతన్‌రామ్ మాంఝీకి కేబినెట్ హోదా వచ్చింది, ఏడు సీట్లున్న శిండే శివసేనకు స్వతంత్ర హోదా సహాయ మంత్రితో సరిపెట్టారు. మంత్రుల సంఖ్యకు రాజ్యాంగమే గీత గీసింది: 2003 నాటి 91వ సవరణ ప్రకారం ప్రధానితో కలిపి లోక్‌సభ సభ్యుల సంఖ్యలో 15 శాతం మించకూడదు, అంటే 81. గీత కింద ఎంత చోటు ఉన్నా, ఎవరికి ఎంత అన్నది కులం, రాష్ట్రం, వచ్చే ఎన్నికలు కూడా చూసి నిర్ణయిస్తారు.

అసలు తేడా తెలియాలంటే ప్రమాణస్వీకారం రోజున కాదు, బడ్జెట్ రోజున చూడాలి. 2024 జూలై 23న ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో అమరావతికి బహుపాక్షిక ఆర్థిక సంస్థల (ప్రపంచ బ్యాంకు వంటి, అనేక దేశాలు కలిసి నడిపే రుణసంస్థల) ద్వారా 15,000 కోట్ల రూపాయలు సమకూరుస్తామన్న ప్రకటన ఉంది. 2025 జనవరిలో విశాఖ ఉక్కు కర్మాగారానికి 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఉక్కు శాఖ తెలుగుదేశం దగ్గర లేదు, కర్ణాటకకు చెందిన జేడీఎస్ నేత కుమారస్వామి దగ్గర ఉంది. శాఖ ఒకరిదైతే లాభం మరొకరికి చేరవచ్చునన్నమాట. అయితే ‘ఇస్తాం’ అన్న మాటకూ ‘గ్రాంటుగా ఇస్తాం’ అన్న మాటకూ నడుమ ఉన్న దూరాన్ని, ‘ద్వారా’ అన్న చిన్న పదాన్ని పట్టి చదవడం అలవాటు చేసుకోండి. బడ్జెట్ ప్రసంగంలో అలాంటి పదాల మీదే అసలు భారం ఉంటుంది.

రాతపూర్వక ఒప్పందాలనూ ఇదే కంటితో చదవాలి. 2004లో కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ కూటమి కనీస ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ ప్రస్తావన ఉంది. తగిన సమయంలో, సంప్రదింపులు జరిపి, ఏకాభిప్రాయం సాధించాక పరిశీలిస్తామన్నదే దాని సారం. ఈ మూడు షరతుల్లో ఒక్కదానికీ తేదీ లేదు, ఎవరు తేల్చాలో కూడా లేదు. ఐదుగురు ఎంపీలతో మంత్రివర్గంలో చేరిన తెలంగాణ రాష్ట్ర సమితి 2006లో బయటికి వచ్చింది, ప్రభుత్వానికి ఏమీ కాలేదు. ఒప్పందంలోని వాక్యం చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేయండి: ఎప్పటిలోగా, ఎవరు, చేయకపోతే ఏమిటి. మూడో ప్రశ్నకు జవాబు మీ తీసివేత కాగితంలో లేకపోతే, మొదటి రెండింటికి ఎంత బాగా రాసినా ఉపయోగం తక్కువ.

రాష్ట్రపతి ఎవరిని ముందు పిలుస్తారన్నది రాజ్యాంగంలో రాసి లేదు. ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారని, మంత్రివర్గం లోక్‌సభకు ఉమ్మడిగా బాధ్యత వహిస్తుందని 75వ అధికరణం చెబుతుంది, అంతే. అందుకే రాష్ట్రపతులు తలో విధంగా నడిచారు. 1996లో శంకర్ దయాళ్ శర్మ అతిపెద్ద పార్టీ నేతగా వాజ్‌పేయిని పిలిచారు, ఆ ప్రభుత్వం 13 రోజులు మాత్రమే నడిచింది. 1998లో కె.ఆర్. నారాయణన్ ముందు మద్దతు లేఖలు చూపమన్నారు, అన్నాడీఎంకే లేఖ కోసం ఢిల్లీ కొన్ని రోజులు ఎదురుచూసింది. గవర్నర్లు ముందు ఎవరిని పిలవాలన్న విషయంలో, కేంద్ర-రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్ ఇచ్చిన వరుసలో ఎన్నికలకు ముందే కట్టిన కూటమికి మొదటి స్థానం. ఢిల్లీ విషయంలోనూ ఈ వరుసను గుర్తుంచుకోవడం మేలు, ఎందుకంటే ముందుగా కట్టిన కూటమిలో ఉన్న చిన్న పార్టీ ఓటరు తీర్పును పట్టుకుని ఉంటుంది గనుక, ఫలితాల తర్వాత గోడ దూకడం దానికి కష్టం. విడిగా పోటీ చేసిన పార్టీకి అటువంటి బంధం ఉండదు, ఎవరితోనైనా బేరం మొదలుపెట్టవచ్చు. 1998లో రాష్ట్రంలో బీజేపీని ఎదిరించి 12 సీట్లు గెలిచిన తెలుగుదేశం, ఆ తర్వాత వాజ్‌పేయికి బయటి నుంచి మద్దతు పలికింది.

బయటి మద్దతు గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: చిన్న పార్టీకి అది సుఖమైన స్థానం, ప్రభుత్వానికి మాత్రం ఎప్పుడు ఊడుతుందో తెలియని దూలం. పదవుల మచ్చ అంటదు, నిర్ణయాల్లో మాట చెల్లుతుంది, నచ్చనప్పుడు రాజీనామాల అవసరం లేకుండా ఒక లేఖతో తప్పుకోవచ్చు. 1991లో చంద్రశేఖర్‌కూ, 1997లో ఇద్దరు ప్రధానులకూ జరిగింది ఇదే.

తెలుగుదేశం 1998లో మంత్రి పదవులు తీసుకోలేదు గాని, స్పీకర్ స్థానంలో జి.ఎం.సి. బాలయోగి కూర్చున్నారు. సభలో సంఖ్యలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ఆ కుర్చీ విలువ చాలా ఎక్కువ. ఎవరికి మాట్లాడే అవకాశం, ఏ తీర్మానం ఎప్పుడు, ఫిరాయింపు ఫిర్యాదుపై తీర్పు ఎప్పుడు అన్నవన్నీ అక్కడే తేలతాయి. దానికి చెల్లించే ధర కూడా ఉంది. 100వ అధికరణం ప్రకారం ఓట్లు సమానమైతే తప్ప సభాపతి ఓటు వేయరు, కాబట్టి ఆ కుర్చీని తీసుకున్న పక్షానికి ఒక ఓటు తగ్గుతుంది. 1999 ఏప్రిల్ 17న ఆ ఒక్క ఓటు ఎంత ఖరీదైనదో తేలింది. అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకున్నాక జరిగిన విశ్వాస పరీక్షలో వాజ్‌పేయికి 269, వ్యతిరేకంగా 270. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని కాంగ్రెస్ నేత గిరిధర్ గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ విప్‌కు, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చిన ఆదేశానికి, విరుద్ధంగా వేశారు. అందరి కళ్లూ పెద్ద పార్టీల మీద ఉండగా ప్రభుత్వం ఇద్దరు విడి మనుషుల దగ్గర తడబడింది. మీ కాగితంలో పార్టీల పేర్ల కింద, పార్టీ మాట వినకపోవచ్చునని అనిపించే ఒకరిద్దరు సభ్యుల కోసం ఒక వరుస ఖాళీగా ఉంచండి.

విప్ ధిక్కరించినవారికి రాజ్యాంగంలోని పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) ప్రకారం అనర్హత ఎదురవుతుంది. విలీనం పేరుతో తప్పించుకోవాలంటే శాసనసభాపక్షంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఇద్దరు సభ్యుల పార్టీలో ఆ ఇద్దరూ, ముగ్గురున్న చోట ఇద్దరు కావాలి. చీలిక విషయంలో చిన్న పార్టీకి ఎక్కువ ప్రమాదం ఎందుకో ఇక్కడ తెలుస్తుంది: పెద్ద పార్టీలో ఎంతోమందిని పోగు చేయాలి, ఇక్కడ ఇద్దరితో మాట్లాడుకుంటే సరిపోతుంది.

ఇక లెక్క సరిచూసుకునే చివరి పని. 272 అన్నది సభ నిండుగా ఉన్నప్పటి అంకె. ఓటింగ్ జరిగేది హాజరై ఓటు వేసినవారి మధ్యనే, అందువల్ల గైర్హాజరైన సభ్యుడు అంతరాన్ని ఒకటి మారుస్తాడు, ఎదుటి పక్షానికి వేసినవాడు రెండు మారుస్తాడు. 1998 మార్చి 28న వాజ్‌పేయి 274-261తో గెలిచారు, తేడా 13. అంటే ఏడుగురు అటు మారితే 267-268తో ఓడిపోయేవారు, అదే ఏడుగురు ఊరికే లేచి వెళ్లిపోతే 267-261తో గెలిచేవారు. ‘ఓటింగ్‌కు దూరంగా ఉంటాం’ అని ఒక చిన్న పార్టీ ప్రకటిస్తే అది ఎవరికి సాయమో ఈ లెక్కతో వెంటనే పట్టుకోవచ్చు. అమెరికాతో అణు ఒప్పందంపై 59 మంది వామపక్ష సభ్యులు దూరమైన తర్వాత 2008 జూలై 22న మన్మోహన్ సింగ్ ఎదుర్కొన్న పరీక్షలో 275 అనుకూలం, 256 వ్యతిరేకం. పోలైన ఓట్లు 531, కాబట్టి ఆ రోజు గెలుపు గీత 266. కాగితం మీద 272ను పెన్సిల్‌తోనే రాసుకోండి, ప్రతి ఓటింగ్‌కు ముందు చెరిపి మళ్లీ రాయవలసి వస్తుంది.