ఇంటి దగ్గర కారును జాకీతో సురక్షితంగా ఎత్తడం ఎలా?

ఇంజిన్ ఆయిల్ మార్చుకోవడం, బ్రేక్ ప్యాడ్లు చూసుకోవడం వంటి పనులు ఇంట్లోనే చేసుకోదలచినవారు పానాల కంటే ముందు ఆలోచించవలసింది కారును ఎత్తి నిలబెట్టే పద్ధతి గురించి. జాకీ ఉన్నది కారును పైకి లేపడానికి మాత్రమే; లేపిన కారును మోయవలసినవి స్టాండ్లు. కారుతో పాటు డిక్కీలో వచ్చే సిజర్ జాకీ దారిలో టైరు పంక్చరైనప్పుడు స్టెప్నీ మార్చుకోవడానికి సరిపోతుంది గానీ, దాని నమ్మకం మీద కారు కిందకు దూరకూడదు. ఇంటి పనికి చక్రాల మీద దొర్లే హైడ్రాలిక్ ట్రాలీ జాకీ ఒకటి, ఎత్తు మార్చుకునే ఇనుప స్టాండ్లు రెండు, చక్రాలకు పెట్టే అడ్డుచెక్కలు నాలుగు కావాలి. చిన్న కార్లకు 2 టన్నుల సామర్థ్యం చాలు, బరువైన వాటికి 3 టన్నులది తీసుకోవడం మేలు. స్టాండ్ల మీద రాసి ఉండే బరువు ఒక్కొక్కదానికా, జతకు కలిపి చెప్పినదా అన్నది కొనేటప్పుడే చూసుకోవాలి.

ఇక స్థలం. మన ఇళ్లలో పోర్టికోకు నీళ్లు పోవడానికి గేటు వైపు వాలు ఇస్తారు. ఆ వాలు కంటికి ఆనకపోయినా, చక్రాలు గాలిలోకి లేచాక కారు జారడానికి అది చాలు. చదునైన గట్టి కాంక్రీటు నేల దొరికితే అంతకంటే మంచిది లేదు. పార్కింగ్ టైల్స్ గానీ షాబాద్ బండలు గానీ పరిచి ఉంటే, స్టాండు కాళ్లు వచ్చే చోట తట్టి చూడాలి; డొల్ల శబ్దం వస్తే అక్కడ బరువు మోపకూడదు. మట్టి నేల పనికిరాదు. ఎండాకాలం మధ్యాహ్నం మెత్తబడే తారు రోడ్డు మీద తప్పనిసరైతే స్టాండ్ల కింద మందమైన ప్లైవుడ్ ముక్కలు వేయాలి.

ఆయిల్ మార్చడం కోసం ముందు భాగాన్ని ఎత్తుతున్నామనుకుందాం. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, గేరు ఫస్టులో వేసి (ఆటోమేటిక్ అయితే ‘పి’లో పెట్టి), ఇంజిన్ ఆపి తాళం జేబులో వేసుకోవాలి. నేల మీద ఉండే వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు బిగించాలి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలనే. అందువల్ల వెనక భాగాన్ని ఎత్తే రోజున ఆ బ్రేకు దాదాపు ఉన్నా లేనట్లే, అప్పుడు ముందు చక్రాల అడ్డుచెక్కలే దిక్కు. చక్రం విప్పే పని కూడా ఉంటే, కారు నేల మీద ఉండగానే నట్లను అరచుట్టు వదులు చేసి ఉంచాలి. గాలిలో ఉన్న కారు మీద బలంగా పానా తిప్పడం దాన్ని స్టాండ్ల మీద నుంచి తోసేయడంతో సమానం.

జాకీ ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు. తలుపుల కింద పొడవునా ఉండే రేకు అంచులో, ముందు చక్రానికి కాస్త వెనకగా, వెనక చక్రానికి కాస్త ముందుగా, కంపెనీ బలపరిచిన చోట్లు ఉంటాయి. చాలా కార్లలో అక్కడ చిన్న గంట్లు గుర్తుగా కనిపిస్తాయి. అయితే జాకీ అక్కడే పెడితే స్టాండుకు చోటుండదు. కాబట్టి కారుతో వచ్చిన పుస్తకంలో చూపించిన ముందు క్రాస్ మెంబర్ (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనుప దూలం) వంటి బలమైన చోట జాకీ పెట్టి ఎత్తి, స్టాండ్లను ఆ రేకు అంచు గుర్తుల దగ్గర నిలపాలి. ఆయిల్ ఛాంబర్ కింద, గేర్ బాక్స్ కింద, పలచని నేలరేకు కింద జాకీ ఎన్నడూ పెట్టకూడదు. పుస్తకంలో మధ్య చోటు చూపించకపోతే ఊహించి పెట్టడం కంటే ఆ పనిని గ్యారేజీకే వదిలేయడం మంచిది.

ఎత్తేటప్పుడు జాకీ చేయి నిటారుగా కాక వంపుగా పైకి లేస్తుంది కనుక, దాని చక్రాలు నేల మీద కొద్దిగా దొర్లాలి. టైల్స్ సందులో చక్రం ఇరుక్కుంటే జాకీ పళ్లెం (కారును మోసే పై భాగం) కారును పక్కకు లాగుతుంది, లేదా అదే జారిపోతుంది. జాకీ హ్యాండిల్‌ను నాలుగైదు సార్లు కొట్టి ఆగి, పళ్లెం సరిగా కూర్చుందో లేదో చూసుకుంటూ, పనికి కావలసినంత ఎత్తే లేపాలి. రెండు స్టాండ్లనూ ఒకే మెట్టులో ఉంచి, పిన్నులు పడ్డాయని నిర్ధారించుకుని, జాకీని కిందకు దించే వాల్వును మెల్లగా వదులుతూ బరువంతా స్టాండ్ల మీదకు దించాలి. తర్వాత జాకీని తీసేయకుండా, తగిలీ తగలనట్టుగా అక్కడే ఉంచాలి. విప్పిన చక్రం ఉంటే దాన్ని కారు అంచు కిందకు పడుకోబెట్టి తోస్తే అది మరో ఆసరా అవుతుంది.

స్టాండ్లకు బదులు ఇటుకలో సిమెంటు దిమ్మెలో పేర్చడం మన దగ్గర తరచూ చూస్తాం. ఇనుప అంచు ఒక్క చోట నొక్కితే ఇటుక ముందస్తు సూచన లేకుండా పగిలిపోతుంది. అందుకే వాటిని వాడనే కూడదు, ఇందులో ఏ మినహాయింపూ లేదు.

కిందకు దూరే ముందు బయట నిలబడి, చేతులతో కారును అటూ ఇటూ గట్టిగా తోసి చూడాలి. కదలవలసింది ఉంటే మనం కింద లేనప్పుడే కదలాలి. పని జరుగుతున్నంతసేపూ ఇంట్లో పెద్దవారు ఒకరు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి, పిల్లలు ఆ దరిదాపులకు రాకూడదు, కారులో ఎవరూ కూర్చోకూడదు.

దించేటప్పుడు ముందుగా కింది సామాను మొత్తం తీసి, జాకీతో కొంచెం పైకి లేపి, స్టాండ్లను లాగేసి, వాల్వును చాలా నెమ్మదిగా తిప్పాలి. చక్రాల నట్లను ఎదురెదురుగా బిగిస్తూ రావాలి; చివరి బిగింపు కారు నేలకు దిగాకే ఇవ్వాలి, సుమారు 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి. అడ్డుచెక్కలు అన్నిటికంటే చివర తీయాలి. కొత్త ఆయిల్ పోశాక ఇంజిన్‌ను కాసేపు నడిపి ఆపి, కొన్ని నిమిషాల తర్వాత, కారు సమంగా నిలిచి ఉండగా డిప్‌స్టిక్ తీసి మట్టం చూసుకోవాలి.