ఫ్రంట్ యాక్సిల్ విప్పుతున్నారా? లాకర్ సంగతి అప్పుడే తేల్చేయండి

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు ముందు యాక్సిల్‌లో చప్పుడు మొదలవగానే చాలామంది నేరుగా లాకర్ల (రెండు చక్రాలూ ఒకటిగా తిరిగేలా కట్టిపడేసే పరికరాల) కేటలాగు తెరుస్తారు, ఎలాగూ విప్పుతున్నాం కదా, పనిలో పనిగా అదీ వేసేద్దాం అని. ఆ ఆలోచన సగం వరకే సరైనది. లాకర్ వేస్తే పట్టు పెరుగుతుంది నిజమే, కానీ ఆ బలమంతా మోయాల్సింది అప్పటికే అరిగిపోయి ఉన్న క్రాసూ (షాఫ్ట్ మలుపు దగ్గరి కీలు), షాఫ్టూనే. అందుకే ముందు యాక్సిల్‌ని ఆరోగ్యంగా చేసుకుని, తర్వాత దాని సత్తాను బట్టి డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల అమరిక) ఎంచుకోండి. ఇక్కడ చెప్పేది ప్రధానంగా డానా కంపెనీ 30, 44, 60 లాంటి సాలిడ్ యాక్సిల్స్ (రెండు చక్రాలనూ ఒకే గట్టి దూలంలా కలిపేవి) గురించి. ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్నవాళ్లు డిఫరెన్షియల్ భాగం చదువుకుంటే చాలు.

మొదట పరీక్ష. చదును నేల మీద వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఒట్టి జాకీని నమ్ముకుని బండి కిందికి దూరొద్దు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగుతుంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి: ఇప్పుడు ఊగడం ఆగిపోతే తప్పు హబ్ బేరింగ్‌ది, ఆగకపోతే బాల్ జాయింట్లవి, పాత బరువు బండ్లలో అయితే కింగ్ పిన్‌లవి. పక్కల నుంచి పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే లూజు తెలిస్తే టై రాడ్ ఎండ్లు చూడండి. కింది బాల్ జాయింట్ అరుగుదల చేతికి అంత తేలిగ్గా దొరకదు, టైరు కింద గడ్డపార దూర్చి పైకి ఎత్తుతూ నకల్‌కీ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే భాగం) యాక్సిల్‌కీ మధ్య సందు కదులుతోందేమో చూడాలి.

స్టీరింగ్ బాగా తిప్పి మెల్లగా వెళ్తున్నప్పుడు టక్ టక్ మని వస్తుంటే యాక్సిల్ షాఫ్ట్ క్రాస్‌ని, అదే యూ జాయింట్‌ని, అనుమానించండి. క్యాప్ అంచు చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే ఇక అనుమానం కూడా అక్కర్లేదు. ఆ క్యాప్ ఊడదీసి చూడండి: సూదుల్లాంటి రోలర్ల మధ్య గ్రీజు ఉండాల్సిన చోట తుప్పు దుమ్ము రాలుతుంది, క్రాస్ కాలి మీద రోలర్లు ఒత్తుకుపోయిన గీతలు వరసగా కనిపిస్తాయి, గోటితో గీస్తే ఒక్కో గీతా తగులుతుంది. దానికి గ్రీజు కొట్టి లాభం లేదు, మార్చాల్సిందే. కొత్తది ఎక్కించేటప్పుడు ఒక్క రోలర్ పడిపోయి క్యాప్ అడుగున అడ్డంగా ఇరుక్కున్నా క్లిప్ కూర్చోదు, అలాంటప్పుడు సుత్తితో బాదకుండా మళ్లీ తీసి సర్దండి. షాఫ్ట్ చివర క్యాప్‌ని పట్టుకునే యోక్ చెవుల రంధ్రాలు సాగిపోయి క్యాప్ చేత్తో దూరిపోతుంటే షాఫ్ట్ కూడా మార్చాలి.

షాఫ్ట్ బయటికి రావాలంటే హబ్ రావాలి, తుప్పు పట్టిన యూనిట్ బేరింగ్ (హబ్, బేరింగ్ ఒకే ముక్కగా ఉండేది) నకల్‌ని అంత తేలిగ్గా వదలదు. తుప్పు వదిలించే నూనె కొట్టి నానబెట్టి, బోల్టులు పూర్తిగా తీయకుండా కొన్ని మరలు మాత్రం వదులు చేసి, ఒకదాని తర్వాత ఒకటిగా వాటి తలల మీద కొడుతూ రండి. పాత బేరింగ్ ఎలాగూ పారేసేదైతేనే ఇంత మోటుగా చేయండి. బాల్ జాయింట్లు మార్చాక కింది నట్టు ముందు బిగించాలి, పైది తర్వాత. పిన్ను రంధ్రం కలవకపోతే నట్టు ఇంకాస్త బిగించండి, వెనక్కి తిప్పొద్దు.

ఇక ఆయిల్ కారడం. యాక్సిల్ ట్యూబు చివర, నకల్ దగ్గర గేర్ ఆయిల్ తడి కనిపిస్తే లోపలి సీల్ పోయినట్టే. చాలా డానా ముందు యాక్సిల్స్‌లో ఈ సీల్స్ ట్యూబు బయటి చివర ఉండవు, డిఫరెన్షియల్ పక్కనే లోపల ఉంటాయి, వాటిని మార్చాలంటే క్యారియర్ (డిఫరెన్షియల్ గేర్లు కూర్చునే గూడు) బయటికి తీయక తప్పదు. లాకర్ వేసుకునే ఉద్దేశం ఏమాత్రం ఉన్నా దానికి ఇదే సమయం, రెండుసార్లు విప్పడం దండగ. షాఫ్ట్ తిరిగి తోసేముందు ట్యూబులో పేరుకున్న మట్టి తుడిచేయండి, లేకపోతే అదంతా షాఫ్ట్ కొనతో వెళ్లి కొత్త సీల్ పెదవిని కోసేస్తుంది. ఒకే వైపు సీల్ మళ్లీ మళ్లీ పోతోందంటే ట్యూబు వంగిందేమో కొలిపించండి. వంగిన హౌసింగ్‌లో (యాక్సిల్ బయటి తొడుగులో) ఖరీదైన లాకర్ వేయడం బూడిదలో పన్నీరు పోసినట్టే.

క్యారియర్ తీసేముందు బేరింగ్ క్యాపుల మీద పంచ్‌తో గుర్తులు పెట్టండి. ఎడమది కుడికి, పైది కిందికి మారకూడదు, ఎందుకంటే అవి హౌసింగ్‌తో కలిపి బోర్ చేసినవి. షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) ఏ పక్కవి ఆ పక్కన విడిగా కట్టి పెట్టుకోండి.

ఇప్పుడు ఎంపిక. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన టార్కే ఇస్తుంది, జారే చక్రం ఎంత తట్టుకుంటే రెండోదానికీ అంతే. ఒక టైరు గాల్లో ఉంటే రెండోది కదలకపోవడానికి కారణం ఇదే. క్లచ్ ప్లేట్ల లిమిటెడ్ స్లిప్ దీన్ని కొంత సరిచేస్తుంది, కానీ ప్లేట్లు అరుగుతాయి, ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్లు పట్టేయకుండా సాఫీగా జారనిచ్చే మందు) కలపాలి. టోర్సెన్, ట్రూట్రాక్ లాంటి గేర్ రకం లిమిటెడ్ స్లిప్‌లు మెత్తగా పనిచేస్తాయి, స్టీరింగ్‌ని పెద్దగా లాగవు. మంచు, వాన, కంకర రోడ్డు మీద ఎక్కువగా తిరిగే బండికి, ముఖ్యంగా ముందు చక్రాలకు ఎప్పుడూ పవర్ వెళ్లే బండికి, నా ఓటు వీటికే. కాకపోతే ఇవి తక్కువ పట్టున్న చక్రం టార్క్‌ని కొన్ని రెట్లు చేసి రెండోదానికి ఇస్తాయి, చక్రం పూర్తిగా గాల్లో ఉంటే ఆ లెక్క సున్నాకి దగ్గరపడుతుంది. అప్పుడు బ్రేకు కొద్దిగా తొక్కిపెట్టి యాక్సిలరేటర్ ఇస్తే చాలాసార్లు కదులుతుంది.

ఆటోమేటిక్ లాకర్లు రాళ్లలో, గుంతల్లో గట్టిగా లాగుతాయి. వీటిలో లంచ్‌బాక్స్ రకమైతే ఉన్న క్యారియర్‌లోనే కూర్చుంటుంది, క్రౌన్ పినియన్ (క్యారియర్ మీది పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే చిన్నది) సెట్టింగ్ కదిలించే పని ఉండదు, ఖర్చూ తక్కువ. లాకింగ్ హబ్స్ (చక్రాన్ని షాఫ్ట్‌తో కలిపే, విడదీసే హబ్స్) ఉన్న బండిలో హబ్స్ వదిలేస్తే రోడ్డు మీద అది ఉన్నట్టే తెలియదు. అదే హబ్స్ కట్టి ఫోర్ వీల్‌లో జారే మలుపు తిప్పితే మాత్రం స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి ముక్కు తిన్నగా పోవాలని చూస్తుంది. మంచు రోడ్డు మీద ఇది ప్రమాదం. గాలితోనో కరెంటుతోనో వేసుకునే సెలెక్టబుల్ లాకర్‌కి ఆ బెడద లేదు, ఆపేస్తే మామూలు ఓపెన్ డిఫరెన్షియలే. బదులుగా వైరింగ్, స్విచ్, గాలిదైతే కంప్రెసర్, గొట్టాలు కూడా వచ్చి పడతాయి. డబ్బు పెట్టగలిగితే ముందు యాక్సిల్‌కి నేను చెప్పేది ఇదే. స్పూల్ (రెండు చక్రాలనూ ఎప్పటికీ కట్టేసి ఉంచేది) గురించి ముందు చక్రాలకు ఆలోచించకండి.

ఏ లాకరైనా ఒకటి గుర్తుంచుకోండి. లాక్ అయ్యాక మొత్తం టార్క్ ఒక్క షాఫ్ట్ మీదకి వెళ్లొచ్చు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు క్రాస్ అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. ఈ రెండూ కలిసిన చోటే టప్పుమని విరుగుతుంది. పెద్ద టైర్లు వేసి లాకర్ పెడుతుంటే క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) షాఫ్ట్‌లకీ లెక్క వేసుకోండి. ఇంకో సంగతి, పినియన్ కిందికి ఉండే సాధారణ కోత గేర్లు ముందు యాక్సిల్‌లో ముందుకు వెళ్లేటప్పుడు పంటి బలహీన వైపు మీద నడుస్తాయి, పినియన్ పైకి ఉండే రివర్స్ కట్ గేర్లకు ఆ ఇబ్బంది లేదు.

ఆర్డరు పెట్టేముందు షాఫ్ట్ స్ప్లైన్లు (కొన మీది గాట్లు) లెక్కపెట్టండి, గేర్ రేషియో చూడండి. డానా 44లో 3.73 వరకూ ఒక క్యారియర్, 3.92 నుంచి పైకి ఇంకొకటి. రేషియో మారుస్తుంటే వెనక యాక్సిల్‌కీ అదే మార్చాలి, లేకపోతే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక యాక్సిల్స్‌కి పవర్ పంచే పెట్టె) ప్రాణం తీసినట్టే.

కొత్త క్యారియర్ వేస్తే బ్యాక్‌లాష్ (క్రౌన్, పినియన్ పళ్ల మధ్య ఉండే సందు) డయల్ ఇండికేటర్‌తో కొలవాలి, మామూలుగా 0.006 నుంచి 0.010 అంగుళం, అయినా మీ గేర్ల కాగితంలో రాసిందే ఖాయం. తర్వాత నాలుగైదు పళ్లకు మార్కింగ్ పేస్టు పూసి, క్రౌన్‌ని కాస్త ఆపిపట్టి పినియన్ రెండు వైపులా తిప్పండి. పేస్టు చెదిరిన మచ్చ పంటి ఎత్తులో మధ్యన అండాకారంగా పడాలి. అడుగుకి జారితే పినియన్ మరీ దగ్గరగా ఉంది, పై అంచుకి పాకితే దూరంగా ఉంది. షిమ్ మార్చి మళ్లీ కొలవండి, విసుగొస్తుంది, తప్పదు. డయల్ లేకుండా అందాజాగా చేసే పని కాదిది, లేకపోతే ఈ ఒక్క భాగం తెలిసినవాళ్ల చేత చేయించండి.

క్రౌన్ బోల్టులు కొత్తవి, ఎర్ర లాక్‌టైట్‌తో (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) బిగించండి. ఆయిల్ లాకర్ తయారీదారు చెప్పిన గ్రేడే. కొత్త గేర్లయితే మొదట పావుగంట, ఇరవై నిమిషాలు నెమ్మదిగా తిప్పి పూర్తిగా చల్లారనివ్వండి, తర్వాత కొన్నాళ్లు బరువు లాగకండి, 800 కిలోమీటర్లకు ఆయిల్ మార్చండి. దించిన ఆయిల్‌లో సన్నటి బూడిదరంగు మెరుపు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, వేళ్ల మధ్య ముక్కలు తగిలితే మాత్రం కవర్ మళ్లీ విప్పాలి.