అసలైన ఫాస్ట్ బౌలర్ కావాలంటే ముందుకాలిని గట్టిపరచుకోవాలి

మన మైదానాల్లో కొత్త బంతి అందుకున్న ప్రతి కుర్రవాడినీ ఫాస్ట్ బౌలర్ అనే పిలుస్తాం. కానీ గంటకు 125 కిలోమీటర్ల వేగంతో బంతిని చక్కగా స్వింగ్ చేసేవాడు మంచి మీడియం పేసర్ అవుతాడే తప్ప ఫాస్ట్ బౌలర్ కాడు. 145 కిలోమీటర్ల వేగంతో చేతిని వీడిన బంతి బ్యాటర్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. అంత వేగం ఉన్నవాడు పిచ్ దయ మీద ఆధారపడడు. 1976లో లండన్‌లోని ఓవల్ మైదానంలో, ప్రాణం లేని పిచ్ మీద, వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ మైకేల్ హోల్డింగ్ 149 పరుగులిచ్చి 14 వికెట్లు తీశాడు. వాటిలో అత్యధికం బౌల్డ్‌లు, ఎల్బీడబ్ల్యూలే. ఎండిపోయిన పిచ్‌ల మీద బౌలింగ్ చేస్తూ నిరాశపడే మన కుర్రవాళ్లు ఆ మ్యాచ్ దృశ్యాలను తప్పక చూడాలి.

పదిహేనేళ్ల పిల్లవాడు వేగంగా వేస్తూ వైడ్లు ఇస్తుంటే "వేగం తగ్గించి లైన్ చూసుకో" అని చెప్పడం చాలామంది కోచ్‌లకు అలవాటు. ఈ సలహా ఎన్నో ప్రతిభలను మొగ్గలోనే తుంచేస్తుందని నా దృఢమైన అభిప్రాయం. నెమ్మదిగా వేయడానికి అలవాటుపడిన శరీరానికి తరువాత వేగం నేర్పడం చాలా కష్టం, కానీ వేగంగా వేసేవాడికి లైన్ సాధనతో కుదురుతుంది. కాబట్టి మొదటి ఒకటి రెండేళ్లు వైడ్లను సహించాలి.

ముందుగా రనప్, అంటే బంతి వేయడానికి పరుగెత్తుకొచ్చే దూరం, కొలుచుకోవాలి. క్రీజు దగ్గర నిలబడి, వికెట్లకు వ్యతిరేక దిశలో, గీతలేవీ చూడకుండా సహజంగా పరుగెత్తి బంతి వేయండి. మీ ముందుకాలు, అంటే బంతి వదిలేటప్పుడు ముందు ఆనే కాలు, ఎక్కడ పడిందో పక్కనున్న స్నేహితుణ్ణి గుర్తు పెట్టమనండి. ఇలా ఏడెనిమిదిసార్లు చేస్తే గుర్తులు ఎక్కువగా ఒకేచోట పడతాయి. ఆ దూరమే మీ రనప్. మొదట నెమ్మదిగా బయలుదేరి, అడుగడుగుకూ వేగం పెంచుకుంటూ రావాలి, క్రీజు దగ్గర మాత్రం వేగం తగ్గకూడదు.

అయితే రనప్ తెచ్చిన వేగాన్ని బంతికి అందించేది ముందుకాలే. సైకిల్‌కు ముందు బ్రేకు గట్టిగా వేస్తే వెనుక చక్రం ఎలా పైకి లేస్తుందో, పరుగెత్తుకొచ్చిన శరీరానికి ముందుకాలు నిటారుగా అడ్డుపడినప్పుడు నడుము, భుజం, చేయి ఒకదాని తరువాత ఒకటి అలాగే ముందుకు దూసుకెళ్తాయి. మోకాలు వంగిపోతే ఆ శక్తిలో చాలా భాగం నేలపాలవుతుంది. జస్‌ప్రీత్ బుమ్రా నాలుగడుగులు నడిచి, మరికొన్ని అడుగులు మాత్రమే పరుగెత్తి అంత వేగం ఎలా రాబడతాడన్న ప్రశ్నకు, నిటారుగా నిలిచే ఆ కాలే చాలావరకు సమాధానం. అతని మోచేయి సహజంగానే మామూలు హద్దును దాటి వెనక్కి వంగుతుంది కనుక చేతిని అనుకరించి లాభం లేదు, కాలిని గమనించండి. సెల్‌ఫోన్‌ను పక్క నుంచి పెట్టి స్లోమోషన్‌లో చిత్రీకరించుకుంటే, బంతి చేతిని వీడే క్షణంలో మీ మోకాలు ఎలా ఉందో తెలిసిపోతుంది. సాధన రెండు మూడడుగుల నడకతో మొదలుపెట్టి, కాలు నిలబడుతున్నకొద్దీ దూరం పెంచాలి. ఆ కాలు నేలను తాకినప్పుడు శరీర బరువుకు ఐదు రెట్లకు మించిన ఒత్తిడి పడుతుంది కనుక తొడలకు, పిరుదులకు, నడుముకు బలమిచ్చే వ్యాయామాలు తప్పనిసరి.

ఇక నడుము సంగతి. తుంటి ఒకవైపు, భుజాలు మరొకవైపు తిరిగి ఉండే మిశ్రమ యాక్షన్ వెన్నెముకకు అన్నిటికంటే ప్రమాదకరం. పక్కకు తిరిగి వేసినా, ఎదురుగా వేసినా, తుంటీ భుజాలూ ఒకే దిశలో ఉండాలి. కుడిచేతి బౌలర్‌కు నడుము ఎడమవైపున, వేసినప్పుడల్లా ఒకేచోట నొప్పి వస్తుంటే అది వెన్నుపూసలో పగులుకు సూచన కావచ్చు. మాత్ర మింగి ఆడకుండా వెంటనే బౌలింగ్ ఆపి వైద్యుణ్ణి కలవాలి. 1973లో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీ ఇలాంటి పగుళ్లతోనే ఆటకు దూరమై, ఓపికగా శరీరాన్ని బలపరచుకుని, ఇంగ్లండ్‌తో 1974–75 యాషెస్ సిరీస్‌కు తిరిగొచ్చాడు. అదే లిల్లీ 1987 నుంచి చెన్నైలోని ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో మన బౌలర్లకు శిక్షణ ఇచ్చాడు.

పిల్లల విషయంలో ఓవర్ల లెక్క రాసిపెట్టడం తల్లిదండ్రుల బాధ్యత కూడా. ఇంగ్లండ్ బోర్డు చాలాకాలం అమలు చేసిన నియమాల ప్రకారం 13 ఏళ్లలోపు వారు ఒక స్పెల్‌లో (విరామం లేకుండా ఒకే విడతలో) 5 ఓవర్లు, రోజుకు 10 ఓవర్లు మించి వేయకూడదు. మన దగ్గర ఉదయం అకాడమీలో, మధ్యాహ్నం స్కూలు జట్టుకు, సాయంత్రం వీధిలో వేసే పిల్లవాడి ఓవర్లను ఎవరూ కలిపి చూడరు. నెట్స్‌లో వేసిన బంతులనూ అందులో చేర్చండి.

పెద్దయ్యాక భారం మోయగలగడం వేరే సంగతి. 2025 ఇంగ్లండ్ పర్యటనలో హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ అయిదు టెస్టులూ ఆడి, 185 ఓవర్లకు పైగా వేసి, ఓవల్‌లో ఆఖరి ఉదయం ఇంగ్లండ్ బ్యాటర్ అట్కిన్సన్ స్టంప్‌ను యార్కర్‌తో (బ్యాటర్ పాదాల దగ్గర పడే బంతితో) ఎగరగొట్టి 6 పరుగుల విజయం అందించాడు. అలసిన కాళ్లతో అలాంటి యార్కర్ పడాలంటే, నెట్స్‌లో చివరి ఓవర్‌ను ఎప్పుడూ యార్కర్లకే కేటాయించాలి. బ్యాటర్ నిలబడే క్రీజు దగ్గర పాత బూటు ఒకటి పెట్టి, పూర్తి రనప్‌తో, పూర్తి వేగంతో, దానికి గురిపెట్టి ఆరు బంతులు వేయండి. వేగం పడిపోతున్నట్టు అనిపించిన రోజున ఆ ఓవర్‌ను మానేసి ఇంటికి వెళ్లండి.