హిస్టరీ క్లాసుకు వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

నోట్‌బుక్, పాఠ్యపుస్తకం, పెన్ను బల్ల మీద ఉండాలి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేసేయండి. జేబులో ఉంటే చెయ్యి దానిమీదికే పోతుంది. బెల్ కొట్టేసరికి సీట్లో ఉండండి.

వ్యాసం ఇచ్చే ముందు మాత్రం కాస్త ఎక్కువ టైమ్ పెట్టండి.

తేదీ ఏ క్యాలెండర్‌దో చూశారా? రష్యాలో బోల్షివిక్కులు (లెనిన్ నడిపిన కమ్యూనిస్టు పార్టీ) అధికారం చేజిక్కించుకున్నది అప్పట్లో అక్కడ వాడిన పాత (జూలియన్) క్యాలెండర్‌లో 1917 అక్టోబర్ 25, ఇప్పుడు మనం వాడే కొత్త (గ్రెగోరియన్) దాంట్లో నవంబర్ 7. రెండూ కరెక్టే, ఏది వాడుతున్నారో చెప్పాలి, అంతే.

కారణం అడిగితే ఒక్క సంఘటన రాసి వదిలేయకండి. 1914 జూన్ 28న బోస్నియాలోని సరయెవోలో ఆస్ట్రియా-హంగేరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య జరిగింది కాబట్టి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది అంటే సగం జవాబే. అప్పటికే దేశాల మధ్య ఉన్న కూటములు, ఆయుధాల పోటీ, బాల్కన్ (ఆగ్నేయ ఐరోపా) గొడవలు కూడా జవాబులో రావాలి. నాకైతే తేదీల కన్నా ఇదే ముఖ్యం.

నెట్‌లోంచో, ఏఐ నుంచో, ఫ్రెండ్ నోట్స్‌లోంచో ఎత్తిన పేరా మీ పేరుతో ఇవ్వకూడదు. ఎక్కడ తీసుకున్నారో పక్కనే రాయండి.

బానిసత్వం, మారణహోమాల గురించి చర్చ ఉన్న రోజు మాట జాగ్రత్త. పక్క బెంచీ వాళ్ల తాత ముత్తాతలు అవి అనుభవించి ఉండొచ్చు. వాదనను ఖండించండి, మనిషిని కాదు. వినలేనంత బాధగా ఉంటే టీచర్‌కు ముందే చెప్పుకోవచ్చు.

క్లాసుకు రాలేకపోతే నోట్స్ అడిగి తీసుకోవడం మీ పనే. గడువు దాటేలా ఉంటే ముందురోజే చెప్పండి.